రోజూ ఉదయం 2133

ఉదయం తొమ్మిదింటికి కోడలు కంప్యూటర్ ఆన్ చేసింది. మెమరీ వేగం 2133 అని చూపించింది. కొత్తగా కొన్న మెమరీ పెట్టె మీద 3200 అని ఉంది. రాత్రి పడుకునే ముందు సెట్టింగుల్లోకి వెళ్లి తనే 3200 చేసింది. తెల్లారేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఇది అయిదోసారి.

కట్టబోయే భవనాలు ఎలా ఉంటాయో చూపించే వీడియోలు తయారుచేయడం ఆమె పని. నాలుగేళ్ల విరామం తర్వాత దొరికిన మొదటి అవకాశం. సోమవారం పదింటికల్లా వీడియో అందకపోతే ఆర్కిటెక్టు వేరే వాళ్లకిస్తాడు. దానికి కంప్యూటర్ ఇరవై గంటలు ఆగకుండా ఆడాలి. మెమరీలో లోపముంటే మధ్యలో ఆగిపోతుంది. ఇవాళ శుక్రవారం. ఆమె ఇంకా మొదలుపెట్టలేదు.

బుధవారం మెమరీ కొన్న షాపుకెళ్లి, నాసిరకం సరుకు అంటగట్టారని నలుగురి ముందు అనేసింది. షాపాయన ఆ మెమరీని తన కంప్యూటర్లో పెట్టి చూపించాడు. 3200. గంటసేపు పరీక్షించినా ఒక్క తప్పూ రాలేదు. ఇక్కడ పరిగెత్తేది మీ ఇంట్లో పడకేస్తే నేనేం చెయ్యనమ్మా అన్నాడు. ఆయన, మామయ్య రోజూ పొద్దున ఆరింటికి కలిసి నడకకెళ్తారు. గురువారం నుంచి మామయ్య ఒక్కడే వెళ్తున్నాడు. నీ కంప్యూటర్‌కీ నాన్న షుగర్‌కీ ఒకే జబ్బు, రోజూ అంకె తేడా కొడుతుంది అని భర్త నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇవాళ తెర మూలన తేదీ చూసింది. 2019, జనవరి ఒకటి. నిమిషంలో నెట్ అందుకుని అదే సర్దుకుంది. కాసేపు తటపటాయించి షాపుకి ఫోన్ చేసింది. ఆయన విన్నాడు. బోర్డు మీద బిళ్లలాంటి సెల్ ఉంటుందని, గోడ దగ్గర కరెంటు ఆపినా సెట్టింగుల్ని గుర్తుంచుకునేది అదేనని, అది అయిపోయిందని చెప్పాడు. మా ఇంట్లో ప్లగ్గు ఎవరూ ఆపరని ఆమె అంది.

"ఎవరో ఆపుతున్నారమ్మా. ఇంట్లో కనుక్కో."

హాల్లో మామయ్య పేపరు చదువుతున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.

"మామయ్యా, రాత్రిళ్లు కంప్యూటర్ ప్లగ్గు ఆపేది మీరా?"

"నేనేనమ్మా. నువ్వు పడుకున్నాక ఆపుతా. లేచేలోపు వేసేస్తా."

"వారం నుంచి నేను పిచ్చిదాన్నవుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"దానికీ దీనికీ లంకె ఉందని నాకేం తెలుసు?"

"లోపల బిళ్ల సెల్ అయిపోయిందట, మీరు ఆపినప్పుడల్లా సెట్టింగులు పోతున్నాయి. ఒక్క మాట చెప్పుంటే తెలిసేది. మీ వల్ల ఆ షాపాయన్ని దొంగను చేశాను. పని పోయేది నాకు, మీకేం పోతుంది?"

ఆయన పేపరు మడిచాడు. అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. ఉద్యోగంలో ఉండగా ఒక ఇంట్లో రాత్రి ఆపకుండా వదిలేసిన ప్లగ్గు అంటుకుంది. లైను తెంపడానికి వెళ్లింది ఆయనే.

"నేను స్తంభం దిగేసరికి ఆ గదిలో ఇనప మంచమొక్కటే మిగిలింది. ఆపితేగానీ నిద్ర పట్టదమ్మా. నీకు చెప్పాల్సింది. చెప్పలేదు."

లేచి తన గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో బిళ్ల సెల్ ఉంది. డ్రాయర్లో పడుందన్నాడు. స్క్రూలు విప్పి తనే మార్చాడు. ఆమె 3200 పెట్టింది. ఆయన ప్లగ్గు ఆపి, గడియారం చూస్తూ అరవై లెక్కపెట్టి, వేశాడు.

3200. తేదీ ఇవాళ్టిదే.

"ఇక మీరు హాయిగా ఆపుకోండి మామయ్యా. అది ఆడుతున్నప్పుడు తప్ప."

"ఆడుతున్నప్పుడు పక్కన కుర్చీ వేసుకుంటాలే."

ఆమె వీడియో పని మొదలుపెట్టి, టీ తీసుకుని ఆయన గదికెళ్లింది. బల్ల మీద షుగర్ చూసుకునే మిషన్ బోర్లా పడుంది. వెనక మూత తీసి ఉంది. సెల్ ఉండే చోటు ఖాళీ. పక్కన పుస్తకంలో రోజూ టిఫిన్ తర్వాత రాసుకునే షుగర్ అంకెలున్నాయి. చివర ఇవాళ్టి తేదీ రాసి ఉంది. ఎదురుగా అంకె లేదు.

టీ అక్కడే పెట్టి చెప్పులేసుకుంది.

షాపులో ముగ్గురున్నారు. మామయ్య షుగర్ మిషన్‌కి సెల్ కావాలంది. షాపాయన తీసిచ్చాడు. ఆమె కదల్లేదు.

"ఆ రోజు అందరి ముందూ అన్నాను బాబాయ్. ఇవాళా అందరి ముందే చెబుతున్నా. తప్పు మా ఇంట్లోదే."

కళ్లు తుడుచుకుంది. షాపాయన బల్ల మీది డబ్బాలు అటూ ఇటూ సర్దాడు.

"రేపు ఆరింటికి మీ మామయ్యని గేటు దగ్గరుండమను. లేటైతే నేనాగను."