ఊడ్వని జాలీ

"లిసెట్, ఆ జాలీ సంగతి మర్చిపోకు!" మధ్యాహ్నం నుంచి అమ్మమ్మ కేక వేయడం అది మూడోసారి.

తుఫాను వస్తోందంటే మా న్యూ ఓర్లీన్స్‌లో ఎవరి పని వాళ్లకుంటుంది. పెద్దవాళ్లు కార్లను నీళ్లు అందకుండా రోడ్డు మధ్య గట్టు మీదికి ఎక్కిస్తారు. వీధి మూల డ్రైనేజీ జాలీ మీది ఆకులు ఎత్తడం నా పని.

పార తీసుకుని బయల్దేరాను కూడా. అంతలో గాలి వేగం సగానికి పడిపోయిందని టీవీలో చెప్పారు. ఆ తర్వాత వాన గురించి ఏదో చెబుతున్నా నేను వినలేదు. గాలే లేనిది తుఫానేంటి అనుకుని, పార గోడకి ఆనించి ఫోన్‌లో ఆటలో పడ్డాను.

"ఆకులు తీశావా?" అంది అమ్మమ్మ.

"ఆ, తీశాను," అన్నాను తలెత్తకుండానే.

నిజంగానే ఒక్క కొమ్మ కూడా విరగలేదు. కానీ ఆ తుఫాను కదిలితేగా! మర్నాడంతా మా నెత్తినే కూర్చుని కురిసింది. నీళ్లు పోయే దారిలేక మూలింట్లోకి దూరాయి.

ఆ ఇల్లు మిస్టర్ ఆల్సీడ్‌ది. మార్డి గ్రా పండగ ఊరేగింపులో వేసుకోవడానికి ఆయన ఏడాదంతా ఒక్కో పూసా, ఒక్కో ఈకా కుట్టి డ్రస్సు తయారు చేసుకుంటారు.

నీళ్లు తగ్గాక అమ్మమ్మతో ఆయన ఇంటికి వెళ్లాను. ఆ డ్రస్సు పసుపు ఈకలన్నీ బురదలో ముద్దయిపోయాయి. పూసల కింద బట్ట కుళ్లు వాసన వేస్తోంది.

"అంత వాన కురిస్తే ఎవర్నని ఏం లాభం?" అన్నారాయన.

నేను అమ్మమ్మ వెనక్కి జరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఊళ్లో ప్రతి సోమవారం వండుకునే ఎర్ర బీన్సు నాకు ప్రాణం; ఆ సోమవారం అవి కూడా సయించలేదు.

మంగళవారం స్కూల్ నుంచి నేరుగా ఆయన గుమ్మం ఎక్కాను.

"జాలీ మీది ఆకులు నేను తీయలేదు. తీశానని అబద్ధం చెప్పాను."

ఆయన ఒక ఈకకి అంటిన బురదని వేలితో తుడిచారు. తిట్టినా బాగుండుననిపించింది.

"తీసినా నీళ్లు వచ్చేవేమో, బేబీ," అన్నారు చివరికి. "రాకపోయేవేమో కూడా. అది నాకూ తెలీదు, నీకూ తెలీదు."

"నేనూ కుడతాను."

"సూదిలో దారం ఎక్కించడం వచ్చా?"

"రాదు."

"అయితే కూర్చో."

రోజూ స్కూలయ్యాక కొత్త డ్రస్సు కుట్టాం. వేళ్లన్నీ పొడుచుకున్నాను. అయినా పండగ నాటికి సగం కూడా అవలేదు.

ఆ పొద్దున కంజీరలు మోగిస్తూ ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. డ్రస్సు లేనిదే అందులో నడవరు. మిస్టర్ ఆల్సీడ్ మామూలు చొక్కాతో తన వరండాలో నా పక్కన నిలబడి, అక్కణ్నుంచే వాళ్లతో గొంతు కలిపారు.

"లిసెట్, రావే! వెళ్లిపోతున్నారు!" అని పిల్లలు అరిచారు.

"వెళ్లు, బేబీ," అన్నారాయన.

ఆ ఏడాది ఆయన వరండా దిగలేదు. నేనూ దిగలేదు.