ఆఖరి తడి

పొయ్యి మీద పాలు పొంగే వేళకి కృష్ణకాంత్ ఫోను మోగింది. మామిడి సీజన్లో ఆ ఇంట్లో ఫోను మోగడం వింతేమీ కాదు. తెల్లవారకముందే తోటల నుంచో, లారీల నుంచో, మార్కెట్టు నుంచో ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉంటారు. కానీ ఈ వారంగా వస్తున్న ఫోన్లు వేరు. కృష్ణకాంత్ నోట్లోంచి బ్రష్షు తీసి, పుక్కిలించి, నిట్టూర్చి మరీ ఎత్తాడు.

"హలో, హైమా మ్యాంగో ట్రేడర్స్ అండీ."

"బ్రదర్, మాడ్ మళ్లీ ఎప్పుడు పెడతారు?"

"ఏం పెట్టాలండీ?"

"మాడ్ బ్రదర్, మాడ్. మీ నూజివీడు రోడ్డు. వారం నుంచి నా గేమే ఓపెన్ అవట్లేదు."

"మా దగ్గర చిన్నరసాలు, కాస్త బంగినపల్లి ఉన్నాయండీ. కలెక్టరు కాయ అయిపోయింది. మీరడిగేది మా దగ్గర దొరకదు."

అవతలివాడు ఒక బూతుమాట అని ఫోను పెట్టేశాడు. కృష్ణకాంత్ ఆ ఫోనుకేసి కాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన నూజివీడులో పేరున్న మెత్తని మనిషి. బేరం కుదరనివాడిని కూడా "ఈసారి చూద్దాంలెండి" అని టీ తాగించి పంపేవాడు. అలాంటివాడికి పొద్దున్నే పరగడుపున తిట్లు.

"మళ్లీ వాళ్లేనా?" అంది వంటింట్లోంచి భార్య హైమవతి.

"ఆఁ."

"ఏమంటారు?"

"ఏదో అంటారులే. కాఫీ ఇవ్వు."

లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న హరిచందనకి ఇదంతా వినబడుతూనే ఉంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఇంజినీరింగు అయ్యాక వచ్చిన ఉద్యోగం, చేరే తేదీ వాయిదా పడుతూ పడుతూ, ఇప్పుడసలు ఉందో లేదో తెలియకుండా పోయింది. ఆ ఖాళీలో మొదలైందే ఈ గొడవంతా.

లారీ నడిపే ఆట ఒకటుంది, ఎక్కడో చలిదేశపు కంపెనీది. అందులో ఉన్నవన్నీ అక్కడి రోడ్లే. చందన కూర్చుని ఆ ఆటకి మన రోడ్లు చేర్చింది. నూజివీడు నుంచి విస్సన్నపేట, చాట్రాయి, ఇటు జి. కొండూరు. గుంతలతో సహా. మామిడికాయల ట్రేలెక్కించిన లారీలు, దారిలో టీ కొట్లు, అడ్డమొచ్చే గేదెలు. కంపెనీ ఆటకి ఇలా బయటివాళ్లు సొంతంగా అతికించే భాగాన్నే మాడ్ అంటారు. ఉచితంగా పెట్టింది. జనం ఎగబడి ఆడారు. మొదట్లో కంపెనీవాళ్లు కూడా భేష్ అన్నారు.

అందులో ఆ పిల్ల చేసిన తప్పల్లా ఒక్కటే. ఆటలో నాన్న కొట్టు పెట్టింది. కొట్టన్నాక బోర్డుండాలి కదా. బోర్డన్నాక ఫోను నంబరుండాలి. నంబరు లేని బోర్డుని నూజివీడులో ఎవరూ చూసి ఎరగరు. కాబట్టి నాన్న నంబరే, ఒక్క అంకె కూడా మార్చకుండా, లారీల వెనక కూడా రాసేసింది.

ఇప్పుడా కంపెనీ ఇండియా రోడ్లు తనే తయారుచేసి అమ్మబోతోంది. మాడ్‌ని ఆదివారంలోగా తీసేయమని, తమ ఆట మీద కట్టినదేదైనా తమదేనని లాయరు చేత ఉత్తరం పంపింది. ఏంచేయాలో తోచక చందన మాడ్ పేజీని ఎవరికీ కనబడకుండా దాచింది. సరిగ్గా అప్పుడే కంపెనీ తన ఆటని మార్చింది. అప్పటికే మాడ్ ఎక్కించుకున్నవాళ్లకి అది పొసగక ఆట తెరుచుకోవడమే మానేసింది. ఆడేవాళ్లకి ఈ ఉత్తరాల సంగతేం తెలుసు? చందన కంపెనీకి అమ్ముడుపోయిందని తేల్చేశారు. తిట్టడానికి నంబరు కూడా బోర్డు మీద సిద్ధంగా ఉంది.

గురువారం నాడు గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. ఆ పొద్దున కృష్ణకాంత్ మార్కెట్టు యార్డులో కాయ ఎక్కిస్తుంటే వరసగా ఫోన్లు. చివరివాడు ఆయన్ని వదిలేసి ఆయన కూతుర్ని అన్నాడు, అనకూడని మాట. వెంటనే తెలియని నంబరు నుంచి ఇంకోటి మోగింది. ఆయన హలో అనలేదు.

"సిగ్గుందా నీకు? మీ అమ్మానాన్నా నేర్పింది ఇదేనా? ఇంకోసారి ఈ నంబరుకి చేస్తే కాళ్లు విరగ్గొడతా."

జన్మలో అలాంటి మాట అనని మనిషి.

అవతల ఉన్నది చాట్రాయి చిన్నరాయప్పగారు. కృష్ణకాంత్ ఏళ్లుగా కౌలుకి చేస్తున్న మామిడితోట ఆయనదే. ఈ కాపుతో గడువు అయిపోతోంది, మళ్లీ మాట్లాడుకుందాం రమ్మని కొత్త నంబరు నుంచి చేశారు. డెబ్బయ్యేళ్ల మనిషి కాళ్లు విరగ్గొడతానంటే పడతారా? ఆ సాయంత్రమే తోట విస్సన్నపేట వ్యాపారి ఒకడికి ఇచ్చేస్తానని మాటిచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర కృష్ణకాంత్, యార్డులో తనకి తెలిసిన ఈ సంగతి చెప్పాడు. చెప్పి మజ్జిగన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు, తినలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఇందుకే అంటారు" అంది హైమవతి. "ఆడపిల్లవి, ఇంటి నంబరు ఊరందరికీ ఇస్తావా?"

"నేనేం కావాలని చేశానా అమ్మా?"

"కావాలని ఎవరూ చేయర్లే" అన్నాడు కృష్ణకాంత్. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నువ్వు పలక పట్టిన ఏడు ఆ తోట పట్టాను నేను. సగం చెట్లు మొండికెత్తి ఉండేవి అప్పుడు."

"నాన్నా, నాదీ పోతోంది. రెండేళ్లు కళ్లు పీక్కుపోయేలా చేసిన పని. వాళ్లేమో తీసెయ్ అంటున్నారు. వీళ్లేమో దొంగ అంటున్నారు. ఇంట్లో ఒక్కరైనా అడిగారా?"

"ఆటమ్మా అది. ఆట పోతే ఏం పోతుంది? ఇక్కడ తోట పోయింది."

చందన కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. హైమవతి భర్తకేసి చూసింది. ఆయన ఎంగిలిచేత్తో అలాగే కూర్చున్నాడు.

గదిలోకి పోయి చందన చేసింది మంచిపని కాదు. ఆదివారం దాకా మాడ్ పేజీ ఇంకా తన చేతిలోనే ఉంది. ఆఖరిసారిగా ఒక కొత్త రూపం పెట్టొచ్చు. ఆట బాగుపడుతుందని అందరూ ఎక్కించుకుంటారు. ఎక్కించుకోగానే ప్రతివాడి ఆటా మొదటికొచ్చేస్తుంది. తిప్పిన ట్రిప్పులు, కూడబెట్టి కొన్న లారీలు, అన్నీ గంగలో కలుస్తాయి. చూసేవాళ్లకి మాత్రం తప్పు కంపెనీదే అనిపిస్తుంది. తిట్టినవాళ్లకీ, తోసేసినవాళ్లకీ ఒక్క దెబ్బే. సాయంత్రానికల్లా తయారుచేసేసింది. ఇక పెట్టడమే తరువాయి.

హైమవతి మామిడిపండు ముక్కలు కోసి పట్టుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

"ఏంలేదు. బాకీ తీర్చేస్తున్నా."

"మొహం అలా పెట్టుకుని చేసే పని ఏదీ అచ్చిరాదు" అంది తల్లి. గిన్నె బల్ల మీద పెట్టింది. "రేపు ఆఖరి కోత. నాన్నతో చాట్రాయి వెళ్లు. రాయప్పగారికి జరిగింది నువ్వే చెప్పు. మీ నాన్న చెప్పుకోలేరు."

శనివారం పొద్దున తండ్రీకూతుళ్లు చాట్రాయి వెళ్లారు. చిన్నరాయప్పగారు వరండాలో మంచమ్మీద కూర్చుని ఉన్నారు. కృష్ణకాంత్ చేతులు కట్టుకుని నిలబడితే, చందనే మొదటినుంచి చెప్పింది, లారీ ఆట, బోర్డు, నంబరు, తిట్లు అన్నీ. ముసలాయనకి సగం అర్థమైంది, సగం కాలేదు.

"ఆ మాట అన్నది నన్ను కాదంటావు. సరేనమ్మా, నమ్ముతాను. కాంత్ అలాంటివాడు కాదని నాకూ తెలుసు" అన్నారు. "కానీ అవతలవాడికి మాటిచ్చేశాను కదా."

"తాతగారూ, ఆ చెట్లకి ఎరువు తోలించిందీ, ఎండుకొమ్మలు కొట్టించిందీ మా నాన్న. మొండి చెట్లని కాపుకి తెచ్చారు."

"తెచ్చాడు. కాదనను. కాయ కోసుకున్నాడు కదమ్మా మరి." ఆయన గొంతులో కాఠిన్యమేం లేదు. "తోట నాది. ఎవరికివ్వాలో నా ఇష్టం."

చందనకి ఆ ఉత్తరం గుర్తొచ్చింది. అక్కడ ఇంగ్లీషులో మూడు పేజీలు రాసింది కూడా ఈ మాటే. తండ్రి "అలాగేనండీ, ఆరోగ్యం జాగ్రత్త" అని దణ్ణం పెట్టి బయటికి నడిచాడు.

తోటలో ఆఖరి కోత అయింది. కూలీలు కాయ కోసే చిక్కాలు కట్టలుగా కట్టి, ట్రేలు ఎక్కించి లారీతో వెళ్లిపోయారు. కాయ లేని చెట్లు, రాలిన ఆకులు, ఎండ. ఇక ఇంటికే అనుకుంటుంటే కృష్ణకాంత్ పంచె పైకి కట్టి, మోటారు వేసి, పార పట్టుకుని పాదుల్లోకి నీళ్లు మళ్లించడం మొదలుపెట్టాడు.

"ఎవరికోసం నాన్నా ఇది?" అంది చందన. ఆమెకి ఒళ్లు మండింది. "వచ్చే ఏడు కాయ విస్సన్నపేట ఆయనది."

"అవును."

"మరి?"

"చెట్టు నన్నేమంది? కాపంతా ఇచ్చి డస్సిపోయి ఉంది." ఆయన పారతో గట్టు తెంచాడు. "మా నాన్న అనేవాడు, కాయ కోసుకుని ఒక తడి పెట్టకుండా తోట దిగకూడదురా అని. అదొక పద్ధతి. నాకు ముందు చేసినవాడు పెట్టలేదు. ఎంత అవస్థ పడ్డానో నాకు తెలుసు."

నీళ్లు ఒక పాదు నిండి ఇంకో పాదులోకి పోతున్నాయి. కాసేపటికి ఆయనే అడిగాడు, వారం తర్వాత మొదటిసారిగా.

"ఆ కంపెనీవాళ్లు నిన్నేమన్నారమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన పార ఆనించుకుని విన్నాడు.

"అంటే చెట్లు వాళ్లవి."

"అవును నాన్నా."

"ఆటేగా అని తీసిపారేశాను నిన్న. అనకుండా ఉండాల్సింది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆ ఫోన్లు చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు?"

"ఓ ముప్పై నలభైమంది. వాళ్లే మళ్లీ మళ్లీ చేస్తున్నారు."

"ఆడేవాళ్లు?"

"లక్ష దాటారు."

"అంటే మిగతావాళ్లు పాపం మన రోడ్డు మీద లారీ తోలుకునేవాళ్లంతే."

చందన గట్టు మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ తిట్లు వింటూ కూడా ఏడవని పిల్ల, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. తను తయారుచేసి పెట్టిన పాడుపనంతా చెప్పేసింది.

"పెట్టేశావా?" అన్నాడు కృష్ణకాంత్.

"ఇంకా లేదు."

"అయితే ఏడుపెందుకు? తీసెయ్. రా, ఆ చివర పాదుకి నీళ్లెక్కట్లేదు, కాస్త చెత్త తియ్యి."

ఆదివారం పొద్దున్నుంచీ చందన కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రం గడువు ముగిసేలోగా ఆఖరి రూపం పెట్టింది. అది ఎక్కించుకున్నవాళ్ల లారీలు మన రోడ్ల మీద ఎక్కడున్నా సరే, సరుకుతో సహా భద్రంగా కంపెనీ రోడ్ల మీదకి చేరిపోతాయి. ఏదీ పోదు, ఆట మళ్లీ మామూలుగా తెరుచుకుంటుంది. కింద రెండు ముక్కలు రాసింది. ఈ రోడ్డు ఇంతటితో ఆఖరు, నేనెవరికీ అమ్ముడుపోలేదు, మీ లారీలు జాగ్రత్తగా అప్పగిస్తున్నాను అని. తర్వాత పేజీ మూసేసింది. రెండేళ్ల పని పోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. హైమవతి వెనక నిలబడి కూతురి తల మీద చెయ్యి వేసింది.

"బోర్డు కూడా పోయింది నాన్నా. ఇక నీకు ఫోన్లు రావు" అంది చందన.

"మంచిది" అన్నాడు కృష్ణకాంత్.

సోమవారం పొద్దున ఫోను మోగింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కృష్ణకాంత్ గట్టిగా ఊపిరి పీల్చుకుని ఎత్తాడు.

"హైమా మ్యాంగో ట్రేడర్సేనాండీ? నేను తణుకు నుంచండీ. లారీ డ్రైవర్ని. అంటే, ఒకప్పుడు. కాలు తీసేశారండీ."

"అయ్యో. చెప్పండి."

"ఏం లేదండీ. మావాడి కంప్యూటర్లో రోజూ మీ రోడ్డు మీదే తోలుకునేవాణ్ణి. జి. కొండూరు దగ్గర నేను టీ తాగే కొట్టు కూడా పెట్టేశారు కదండీ. నిన్న తీసేశామని రాశారంట, మావాడు చదివి చెప్పాడు. బోర్డు మీద నంబరు నేను ముందే రాసుకున్నాను. తిట్టడానిక్కాదండీ. ఒక్కసారి చెబుదామని. చాలా సంతోషంగా గడిచిందండీ నాకు."

కృష్ణకాంత్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ రోడ్డేసింది నేను కాదండీ. మా అమ్మాయి. ఉండండి, ఇస్తాను."

చందన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన ఫోను అలాగే చాపి పట్టుకున్నాడు, ఆమె అందుకునేదాకా.

"హలో" అంది చందన.