నిమ్మళం మీటర్

“బాగున్నావా సన్యాసమ్మా?” అని అడిగింది డాక్టర్ నూకరత్నం.

“ఏం బాగులే తల్లీ. ఏదో ఇలా రోజులెల్లిపోతన్నాయి,” అంది సన్యాసమ్మ, ఎండునెత్తళ్ళ గంప మీద ఈగలు తోలుకుంటూ.

వంతెన మీద ఎండ మాడ్చేస్తోంది. ముసలమ్మ ముంజేతికి అప్పుడే ఒక పట్టీ కట్టారు. దాని అంకె నూకరత్నం చేతిలో ఉన్న టాబ్లెట్‌లో పడింది. ఎనభై ఆరు. ఆ వారం కొలిచిన వాళ్ళందరిలోకీ అదే పెద్దది.

“నోరేమో ఏదో ఇలా అంటోంది, చెయ్యేమో మహారాణిలా ఉన్నానంటోంది. నేను దేన్ని నమ్మాలి?”

సన్యాసమ్మ గాభరాగా చేతిని కొంగు కింద దాచేసుకుంది. “గట్టిగా అనకమ్మా! నలుగురూ తిరిగే సోటు. మా వోడు తాగుడు మానేశాడనీ, కొత్త వల కొన్నాడనీ నీ పెట్టెకెవులు సెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వే చెప్పావు.”

నూకరత్నం నవ్వుకుంటూ మళ్ళీ చూసేసరికి అంకె అరవైకి జారిపోయింది. సెన్సర్‌లో ఏదో లోపం అనుకుంది. సైంటిస్టులు కూడా మనుషులే కదా, నచ్చని అంకె కనిపిస్తే ముందు వైరునే అనుమానిస్తారు.

ఆ వంతెనకు ఉత్తరాన పగడసీమ, దక్షిణాన మొగలితీరం. రెండు రాష్ట్రాలకూ ఒకటే సముద్రం, ఒకటే తుఫాను, చేపల పులుసులో ఒకటే చింతపండు. అయినా రెంటి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పగడసీమ ఓడరేవు కడితే మొగలితీరం అంతకన్నా మూరెడు లోతుగా ఇంకోటి తవ్వింది. మొగలితీరం బీచిలో దీపాలు పెడితే పగడసీమ సముద్రంలోనే పెట్టింది. ఎవరి రాష్ట్రంలో బతుకు బాగుందన్న ప్రశ్న మీద రెండు అసెంబ్లీల్లోనూ మైకులు విరిగాయి. మా ఆస్పత్రుల్లో మంచాలెక్కువ అని పగడసీమ అంటే, రోగాలెక్కువన్నమాట అని మొగలితీరం అనేది. ఎవరి లెక్కలు వాళ్ళు ఇంట్లో వండుకుంటే ఎదుటివాడికి ఎలా అరుగుతాయి?

చివరికి రెండు ప్రభుత్వాలూ ఒక మాట మీదికొచ్చాయి. మనుషుల్ని అడగొద్దు, ఆఫీసుల్ని అడగొద్దు, మెషీన్ని అడుగుదాం అని. దాన్ని తయారుచేసే పని నూకరత్నానికి ఇచ్చారు. ఆమె ఉండేది మొగలితీరంలో. ఆమె అక్క పైడమ్మ కాపురం పగడసీమలో. ఇటువాళ్ళకు ఆమె అక్క మీద అనుమానం, అటువాళ్ళకు ఆమె ఇంటి మీద అనుమానం. తరాజులో రెండు అనుమానాలూ సమానంగా తూగాయి కనక అందరూ ఒప్పుకున్నారు.

మెషీన్ సంగతి తేలిగ్గానే చెప్పుకోవచ్చు. మన ఒంట్లో ఒక కాపలావాడు ఉంటాడు. ఎదురుగా పాము కనబడినా, అప్పులవాడు కనబడినా వాడు లేచి కర్ర పట్టుకుంటాడు. అప్పుడు నాడి మారుతుంది, చెమటలో రసాయనాలు మారుతాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. ముంజేతి పట్టీలోని సెన్సర్లు ఈ మూడింటినీ చదివి, కాపలావాడు ఎంతసేపు కర్ర పట్టుకున్నాడో, ఎంతసేపు కునుకు తీశాడో లెక్క కడతాయి. వాడు ఎంత బాగా కునుకు తీస్తే బతుకు అంత బాగున్నట్టు. దానికి నూకరత్నం పెట్టిన పేరు నిమ్మళం మీటర్. నూటికి ఇన్ని అని అంకె వస్తుంది. నోరు అబద్ధమాడొచ్చు గానీ చెమట ఆడలేదు అనేది ఆమె ధీమా.

రెండు రాష్ట్రాల్లోనూ వేలమందికి పట్టీలు కట్టారు. పైడమ్మ కూడా కట్టించుకుంది, చెల్లెలి మెషీన్ కదా అని.

ఆ రోజుల్లోనే పైడమ్మ కూతురు జలజ నెలలు నిండి పుట్టింటికి వచ్చింది. జలజ చదువంతా నూకరత్నం ఇంట్లోనే సాగింది. పెళ్ళీ పిల్లలూ వద్దనుకున్న నూకరత్నానికి ఆ పిల్లే ఇంటి సందడి. “బారసాలనాడు బిడ్డని ఉయ్యాల్లో మొదట నువ్వే వెయ్యాలి పిన్నీ. అమ్మతో కూడా చెప్పేశాను,” అంది జలజ ఫోన్‌లో. నూకరత్నం ఆ సాయంత్రమే బజారుకెళ్ళి, రెండు రంగుల ఊలు కొని, రాని అల్లిక నేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఫలితాలు వచ్చాయి. పగడసీమ డెబ్భై ఒకటి. మొగలితీరం యాభై నాలుగు.

పగడసీమ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వంతెన మొదట్లో తాటిచెట్టంత ఎత్తున డెబ్భై ఒకటి అంకెని లైట్లతో కట్టి, మొహం మొగలితీరం వైపు తిప్పి నిలబెట్టారు. స్కూలు పిల్లలు దాని మీద పాట కట్టారు. మొగలితీరం వాళ్ళు నాలుగు రోజులు తలలు దించుకుని తిరిగి, అయిదో రోజు నుంచి దాని వెలుగులోనే కూర్చుని పేకాడుకున్నారు, కరెంటు బిల్లు అవతలివాళ్ళదే కదా అని.

తరవాత పగడసీమలో ఒక పడవ ఇంజను కాలిపోయింది. పడవల ఇంజన్లు కాలిపోవడం వింతేమీ కాదు. కానీ ఈసారి ఆ పడవ యజమాని లైట్ల అంకె వైపు చూసి, “అంతమంది ఏడుస్తుంటే కాలదా మరి!” అన్నాడు. ఆ మర్నాడు ఒక పెళ్ళికూతురికి జ్వరం వచ్చింది. కాపు మీదున్న కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. నరుడి కంటికి నల్లరాళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అన్నారా? ఒక్క మనిషి కన్ను పడితేనే అన్నం సయించదు, ఏకంగా ఒక రాష్ట్రం కన్ను పడితే?

ఇక చూడండి. పగడసీమలో ప్రతి గుమ్మానికీ బూడిదగుమ్మడికాయ వేలాడింది. అక్కడ పండినవి చాలక మొగలితీరం నుంచి లారీల్లో వచ్చాయి. మొగలితీరం రైతులు వరి మానేసి గుమ్మడి పాదులు పెట్టి, ఎన్నడూ చూడని డబ్బు చూశారు. వంతెన మీద నడిచే పగడసీమ వాళ్ళు కొత్త బట్టలు విప్పి పాతవి తొడుక్కుని వచ్చేవారు. కారున్నవాళ్ళు దాన్ని సందులో ఆపి నడిచి వచ్చేవారు. హోటళ్ళలో మొగలితీరం యాస వినబడితే పక్కబల్ల వాళ్ళు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. డెబ్భై ఒకటి పక్కనే అంతకన్నా ఎత్తుగా, నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ ఒకటి లేచింది.

అదిగో, అప్పుడు వచ్చాడు పగడసీమ ప్రణాళికా మంత్రి, నూకరత్నం ల్యాబుకి. కాలరు చిరిగిన చొక్కా, జేబులో నిమ్మకాయ.

“డాక్టర్ గారూ, మాకో ఉపకారం చెయ్యాలి. మమ్మల్ని కొంచెం కిందికి దించండి.”

“ఎంత కిందికి?”

“మరీ వాళ్ళకన్నా కిందికి వద్దండీ, పరువు పోతుంది. పక్కపక్కన ఉంటే చాలు.”

“అది మెషీనండీ, కూరలబేరం కాదు. అయినా మీ మనుషుల మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా?”

“మా మీద మాకు నమ్మకం ఉందండీ. మీ వాళ్ళ కళ్ళ మీదే లేదు,” అన్నాడు మంత్రి. అని, పొరపాటున ఆమె కళ్ళలోకి చూసి, చటుక్కున తల తిప్పుకున్నాడు.

నూకరత్నానికి ఒళ్ళు మండింది. చదువుకున్న రాష్ట్రం, అంతరిక్షానికి రాకెట్లు పంపే రాష్ట్రం, నిమ్మకాయలు జేబులో పెట్టుకుని తిరగడమేమిటి! మంత్రిని పంపించేసి పట్టీల నుంచి వస్తున్న కొత్త అంకెలు తెరిచింది. పగడసీమ నలభైకి దిగిపోయింది. మొగలితీరం అరవై దాటింది. ఓడిపోయినవాడి మీద ఎవరి కన్నూ పడదు, పైగా గుమ్మడికాయల గిరాకీ, ఎందుకు నిమ్మళంగా ఉండడు? వంతెన మీద సన్యాసమ్మ అంకె అరవైకి ఎందుకు జారిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. లోపం సెన్సర్‌లో లేదు. బాగున్నావని బయటికి చెప్పడంలో ఉంది.

ఈ కొత్త అంకెలు ప్రకటిస్తే గుమ్మడికాయలు ఇటు వేలాడతాయి, అంతే తేడా. నూకరత్నం వాటిని ఎవరికీ చెప్పలేదు.

జలజకు ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు చెప్పడానికి పైడమ్మ రెండు రోజులు ఆలస్యంగా ఫోన్ చేసింది.

“ఎలా ఉంది అక్కా పాప? ఎవరి పోలిక?”

“ఏదో ఉందిలేవే. నల్లగా, బక్కగా.”

“ఫొటో పంపు.”

“ఫొటోలు తియ్యకూడదటే ఇప్పుడే. బారసాలకి నువ్వెందుకులే శ్రమ, ఎండలు మండిపోతున్నాయి. వీడియోలో చూపిస్తాం.”

ఫోన్ పెట్టేశాక నూకరత్నం చాలాసేపు ఊలు దారం వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తను ఎత్తుకుని తిప్పిన పిల్ల కన్న బిడ్డ. ఎండలని తనకు చెబుతోందా అక్క! సముద్రం ఒడ్డున పుట్టి ఎండకి భయపడటం ఎప్పుడు నేర్చుకున్నారు వీళ్ళు? ఏడుపొచ్చింది, ఏడ్చింది. బారసాలనాడు మాత్రం, ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ అయిన ఊలు చొక్కా సంచిలో పెట్టుకుని వంతెన దాటింది.

పైడమ్మ ఇంటి గుమ్మానికి రెండు గుమ్మడికాయలున్నాయి. “వచ్చావా రత్నం!” అని అక్క ఎదురొచ్చింది. మొహంలో నవ్వుంది. ఆమె ముంజేతికి పట్టీ అలాగే ఉంది. నూకరత్నం సంచిలో టాబ్లెట్ ఉంది. అది తెరవకుండా ఉంటే ఈ కథ ఇక్కడే సుఖంగా ముగిసేది. కానీ పది మంది చుట్టాల మధ్య కుర్చీలో కూర్చుని, అక్క నవ్వు నిజమో కాదో తెలుసుకోవాలనిపించింది. తెరిచింది. పైడమ్మ పేరు మీద పొద్దుట అరవై మూడు ఉంది. చెల్లెలు గుమ్మంలో అడుగుపెట్టిన నిమిషం నుంచి గీత కిందికి దిగుతూ వచ్చింది.

“పాప ఏదక్కా?”

“పడుకుందే. ఇప్పుడే...”

లోపలి గదిలో పాప కేరుమంది. జలజ పాపని ఎత్తుకుని బయటికొచ్చింది. పాప బుగ్గన అర్ధరూపాయంత దిష్టిచుక్క. అరికాలికొకటి, నుదుటికొకటి. జలజ తల్లి వైపు చూడకుండా తిన్నగా నడిచొచ్చి, “నువ్వే వెయ్యాలన్నాను కదా పిన్నీ, వెయ్యి,” అంటూ పాపని ఆమె చేతుల్లో పెట్టింది.

నల్లగానూ లేదు, బక్కగానూ లేదు. పనసతొనలా ఉంది పాప. నూకరత్నం గొంతులోంచి ఎంత బాగుందో అన్న మాట పైకొచ్చి, పెదవుల దగ్గర ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆమె తన కళ్ళకు తానే భయపడింది. ఒడిలో ఉన్న టాబ్లెట్ మీద పైడమ్మ అంకె పంతొమ్మిది. తుఫాను రాత్రి పడవలో చిక్కుకున్నవాళ్ళకి కూడా అంత తక్కువ రాలేదు. అక్క కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంది. పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ సందుల్లో కళ్ళుప్పు కనిపించింది.

పైడమ్మ చూపు టాబ్లెట్ మీద పడింది. ఆ మెషీన్ అబద్ధం చెప్పదని చెల్లెలు తనతో ఎన్నిసార్లందో ఆమెకు గుర్తే. మొహం పాలిపోయింది.

“ఏవే... నాది ఎంత చూపిస్తోంది?” అంది. అడిగిన గొంతు చిన్నపిల్లది.

నూకరత్నం అక్క మొహంలోకి చూసింది. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే ఇదే చెయ్యి ఇదే ఉప్పుతో తనకు దిష్టి తీసింది. ఇవాళ ఆ ఉప్పు తనకు తగిలిన దిష్టికి కాదు, తన దిష్టికే. టాబ్లెట్ తిప్పి బోర్లా పెట్టింది.

“తొంభై ఒకటి అక్కా,” అంది. “నీ అంత నిమ్మళంగా ఎవరూ లేరు రెండు రాష్ట్రాల్లో.”

“నిజంగానా?”

“మెషీన్ అబద్ధమాడుతుందా?”

పైడమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. “చూశారా! నా చెల్లెలంటే నాకు భయమేమిటి, మనిషిని కాదూ నేను!” అంది అందరివైపూ తిరిగి. బిగించిన పిడికిలి తెలియకుండానే సడలింది. ఉప్పురాళ్ళు టపటపా నేల మీద రాలాయి. ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు. నూకరత్నం వాటిని కాలితో మెల్లిగా ఉయ్యాల కిందికి నెట్టి, పాపని ఉయ్యాల్లో వేసింది. జలజ ఒక్కతే ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ సాయంత్రం ల్యాబులో చూసుకుంటే, పైడమ్మ అంకె సరిగ్గా ఆ అబద్ధం విన్న నిమిషం నుంచి పైకి లేచింది. ఎనభై దాకా వెళ్ళింది.

తరవాత నెలలో నూకరత్నం చివరి రిపోర్టు ఇచ్చింది. రెండు రాష్ట్రాలూ సమానం అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టింది. పగడసీమ వాళ్ళు అది నమ్మలేదు, మొగలితీరం మనిషి కదా, తనవాళ్ళని పైకి లాగిందన్నారు. మొగలితీరం వాళ్ళూ నమ్మలేదు, పగడసీమలో అక్క ఉంది కదా, అమ్ముడుపోయిందన్నారు. రెండు అసెంబ్లీల్లోనూ ఆమెను తిట్టి తీర్మానాలు చేశారు. లైట్ల అంకె దించేశారు, దిష్టిబొమ్మ దించేశారు, గుమ్మడికాయల ధర పడిపోయింది. పాత అనుమానం తిరిగొచ్చేసరికి జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. పట్టీలు ఇంకా విప్పని కొందరి అంకెలు ఆ వారం రెండు వైపులా డెబ్భై దాటాయి. ఆ సంగతి నూకరత్నం ఏ రిపోర్టులోనూ రాయలేదు.

పాప ఇప్పుడు పాకుతోంది. నూకరత్నం నెలకోసారి వంతెన దాటి వెళుతుంది. ఇంటి ముందు ఆగి, టాబ్లెట్ ఆపేసి, సంచి అడుగున పెట్టుకుని, అప్పుడు లోపలికి వెళుతుంది.

“బాగున్నావా అక్కా?” అని అడుగుతుంది.

“ఏదో ఇలా ఉన్నామే,” అంటుంది పైడమ్మ. నూకరత్నం నమ్ముతుంది.