మూడో లైనులో ఒక ఖాళీ

"ఆపండి!"

ప్రేమానందం మాస్టారు పాటల పుస్తకంతో బల్ల మీద ఒక్కటిచ్చారు. రెండేళ్ళుగా ఎవరూ కొట్టని బల్ల అది. దాని మీది దుమ్మంతా లేచి ఆయన కళ్ళద్దాల మీదే వాలింది.

"'రాయి దొర్లెను' అన్నాక ఎందుకాగారు? ఆగమని నేను రాశానా? ఈ పాట నేనే రాశా, నేనే బాణీ కట్టా. ఎక్కడాగాలో నాకు తెలీదా?"

జగ్గయ్యపేట చర్చి క్వయర్‌లో పాడే ఇరవై రెండు మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కరోనా వచ్చాక అందరూ ఒక్కచోట నిలబడి పాడడం ఇదే మొదటిసారి. ఈస్టర్‌కి ఇంకా నాలుగు శనివారాలే ఉన్నాయి.

"మళ్ళీ! రెండో చరణం!"

మళ్ళీ పాడారు. మూడో లైనులో 'రాయి దొర్లెను' దగ్గర ఇరవై రెండు మందీ ఒక్క మనిషిలా ఆగారు. ఫ్యాన్ తిరిగే చప్పుడు వినపడేంత ఖాళీ. తర్వాత 'తోట మేలుకొనెను' అంటూ హాయిగా అందుకున్నారు.

"అదిగో! ఎవరయ్యా నా పాట మధ్యలో గుంట తవ్వింది?"

"ట్రాక్‌లో అట్లాగే ఉందండి మాస్టారూ," అన్నాడు కింది స్థాయిలో పాడే బేస్ గొంతు స్టీవెన్. "చెవిలో పెట్టుకుని పాడీ పాడీ అలవాటైపోయింది."

అతనన్నది నిజమే. ఈ రెండేళ్ళూ క్వయర్ అంటే ఇంట్లో ఒక్కరే నిలబడి పాడడం. అందరూ దాని వెంటే పాడేలా, నందిగామ నుంచి ఒక గైడ్ ట్రాక్ వచ్చేది. దాన్ని ఒక చెవిలో పెట్టుకుని, ఎవరి గొంతు వాళ్ళు ఫోన్‌లో రికార్డు చేసి పంపేవాళ్ళు. ఆ నందిగామ మనిషే అన్నీ కలిపి, చిన్న చిన్న గళ్ళలో అందరి ఫొటోలూ పెట్టి వీడియో చేసేవాడు.

"అయితే పోయినేడు పెట్టిన వీడియోలో కూడా ఈ గ్యాప్ ఉందా?"

"ఉందండి. మీరు వినలేదా?"

"ఎందుకు వినలేదు? అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నెట్ ఆగిందనుకున్నా. సిమ్ కూడా మార్పించా కదయ్యా!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోంచి ఈస్టర్ దాకా వాయించడానికి ఆ రోజే కొత్తగా వచ్చి కీబోర్డు వెనక కూర్చున్న అబ్బాయి లేచి నిలబడ్డాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. మనిషి సన్నం. చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"నా వల్లేనండి. గైడ్ ట్రాక్ పాడింది నేనే. పేరు వెస్లీ."

ఆల్టో వరసలో నిలబడ్డ జాయిస్ చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెవి మీదికి పోయింది.

ఆ గొంతు ఆమెకు తెలుసు. రెండేళ్ళుగా 'వన్, టూ, త్రీ, ఆఁ' అని చెవిలో చెప్పిన గొంతు. వాడెవడో మీసాలు పెంచిన నలభై ఏళ్ళ పెద్దమనిషి అనుకుంది. ఇంత కుర్రాడని ముందే తెలిస్తే ఆ రికార్డింగులన్నీ కాస్త తల దువ్వుకుని పాడేదేమో. వాట్సాప్‌లో పోయేది గొంతే అయినా సరే.

"సరే, గుంట సంగతి తేలింది," అన్నారు మాస్టారు. "ఇంకోటుంది. జాయిసమ్మా, నువ్వు మూడో లైను నుంచి ఆల్టో వదిలేసి పై గొంతు సొప్రానో బాణీలోకి జారిపోతున్నావు."

"పక్కన ఎవరూ లేరుగా మాస్టారూ. అన్నివైపులా వాళ్ళ గొంతే వినపడుతోంది."

"అదేనమ్మా నేననేది. ఆల్టోకి ఒక్కదానివే మిగిలావు. ఈస్టర్‌కల్లా నిలబడకపోతే ఆ వరస తీసేద్దాం. నిన్ను సొప్రానోలో కలిపేస్తా."

ఆయన మామూలుగానే అన్నారు. జాయిస్ మాత్రం తన పక్కనున్న ఖాళీ వైపు చూసింది.

ఆల్టో అంటే పాటలో పైకి వినపడని గొంతు. అది లేనప్పుడే పాట పలచబడిందని తెలుస్తుంది. ఒకప్పుడు ఆ వరసలో నలుగురుండేవాళ్ళు. ఒకామె పెళ్ళయి ఖమ్మం వెళ్ళింది. ఒకామెకి విజయవాడలో నర్సు ఉద్యోగం. జయమణి ఆంటీ కరోనాలో పోయింది.

జాయిస్ పదో తరగతిలో ఉండగా అమ్మ పోతే, చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ వరసలో నిలబెట్టింది జయమణి ఆంటీయే. ఇప్పుడా వరస తీసేస్తే ఆంటీ ఈ చర్చిలో నిలబడి పాడిందని చెప్పడానికి ఏం మిగులుతుంది?

* * *

ప్రాక్టీసు అయ్యేసరికి వాన మొదలైంది. ఎండాకాలం మొదట్లో చెప్పాపెట్టకుండా వచ్చే వాన. స్కూటర్లున్న వాళ్ళు తడుస్తూనే పోయారు. వసారాలో ఇద్దరే మిగిలారు. నందిగామ బస్సు తప్పిపోయిన వెస్లీ, గొడుగు తెచ్చుకోని జాయిస్.

స్తంభానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. వాన వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూస్తున్నట్టు ఒకసారి అటూ ఒకసారి ఇటూ కొడుతోంది.

"ఏవండీ," అంది జాయిస్, ఇక ఆగలేక. "మీరు తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నందుకు ఇరవై రెండు మందిమి తిట్లు తిన్నాం."

"సారీ అండి."

"సారీ ఏంటండీ? అక్కడ ఆగడంతోనే నేను పక్కదారి పడుతున్నా. మాస్టారు వరసే తీసేస్తానన్నారు. అసలెందుకాగారు? లారీ హారన్ కొట్టిందా? కుక్కర్ కూసిందా?"

"అదేం లేదండి."

"మరి?"

అతను వానవైపు చూశాడు. బ్యాగు జిప్పు లాగాడు, మళ్ళీ మూశాడు.

"చెప్తే మీరు బాధపడతారు."

"చెప్పకపోతే కోప్పడతా. ఏది మేలో మీరే చూసుకోండి."

అతను లాప్‌టాప్ తీసి వసారా గట్టు మీద పెట్టాడు. ఇయర్‌ఫోన్ ఒకటి ఆమెకిచ్చాడు. తీగ పొట్టిది. స్తంభానికి ఆ పక్కనుంచి ఆమె ఈ పక్కకి రావాల్సి వచ్చింది.

ముందు ఫ్యాన్ చప్పుడు. తర్వాత హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలిన శబ్దం. జాయిస్‌కి వెంటనే అర్థమైంది. అది తన బీరువా. గొంతు గది గోడలకి తగిలి మోగకుండా ఉండాలంటే బట్టల మధ్యలో తల పెట్టి పాడమని అతనే అప్పట్లో గ్రూపులో మెసేజ్ పెట్టాడు. రెండేళ్ళు అమ్మ చీరల్లో తల దూర్చి పాడింది ఆమె.

తన గొంతు వచ్చింది. 'రాయి దొర్లెను...'

ఆగింది. ఒక చిన్న ఊపిరి. ఏదో మింగిన చప్పుడు. తర్వాత 'తోట మేలుకొనెను.'

"నేనా ఆగింది?"

"మీరు స్వరాల కాగితం చూసి ముందే పాడి పంపేశారండి. అప్పటికింకా గైడ్ ట్రాకే తయారవలేదు."

"మళ్ళీ పాడమని అడగొచ్చుగా?"

"టైప్ చేశా. చెరిపేశా."

"పోనీ ఆ ముక్క కోసేయొచ్చుగా? ఆ సాఫ్ట్‌వేర్లన్నీ ఎందుకున్నాయి మరి?"

"మౌస్ పట్టుకుని గంట కూర్చున్నానండి. కోయబుద్ధి కాలేదు. మీరక్కడ ఎవరికోసమో చూస్తున్నట్టు అనిపించింది. అందుకే గైడ్ పాడేటప్పుడు నేనూ అక్కడ ఆగా. నేనాగితే మిగతా వాళ్ళూ ఆగుతారు కదా. అప్పుడు మీది తప్పనిపించదు."

వాన చూరునించి ధారలు కట్టింది. జాయిస్ ఇయర్‌ఫోన్ తీసి అరచేతిలో పట్టుకుంది.

"అక్కడ ఆంటీ నన్ను మోచేత్తో పొడిచేది," అంది చివరికి. "నేనెప్పుడూ ఆ లైను ఆలస్యంగా ఎత్తుకుంటా. ఒక్క పోటు పొడిచేది. ఆంటీ లేకుండా పాడిన మొదటి పాట అది. అలవాటుగా చూశా, పొడుస్తుందేమోనని. బీరువాలో."

చివరి మాటకి తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే కళ్ళు నిండాయి. అతను కర్చీఫ్ ఇవ్వబోయి, అది మడతలో ఉన్నా ఎందుకైనా మంచిదని రెండు వైపులా తిప్పి చూసి మరీ ఇచ్చాడు.

"అందరి ముందూ మీరెందుకు నెత్తినేసుకున్నారు?"

"తిట్లే కదండీ. మనుషులు ఎదురుగా నిలబడి తిట్టి రెండేళ్ళయింది. బాగానే ఉంది."

అతను నందిగామలో ఒక లాయరుగారి దగ్గర టైపిస్టు. ఒక్కడే ఉంటాడు. పగలు దావా కాగితాలు, సాయంత్రం ఈ పాటలు. ఇరవై రెండు మంది గొంతులు తనకు తెలుసనీ, అందులో ఒక్కరితోనూ మాట్లాడింది లేదనీ, ఇవాళ హాల్లోకొచ్చి ఎవరు నోరు తెరిచినా పేరు పెట్టి పలకరించాలనిపించిందనీ చెప్పాడు. చెప్పి, ఎక్కువ మాట్లాడాననుకున్నాడో ఏమో, తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

ఒంటరితనానికి కూడా ఇంత పొందికగా ఇస్త్రీ చొక్కా తొడగొచ్చని జాయిస్‌కి ఆ పూటే తెలిసింది.

* * *

మూడు శనివారాలు గడిచాయి. మాస్టారి పుస్తకం దెబ్బలకి ఆ ఖాళీ కాస్త కాస్తగా పూడింది. జాయిస్ మాత్రం నాలుగుసార్లకి రెండుసార్లు జారిపోతూనే ఉంది. కీబోర్డు మీద వెస్లీ ఆమె బాణీని కాస్త గట్టిగా నొక్కుతుంటే దాన్ని పట్టుకుని లేచేది.

ఆఖరి ప్రాక్టీసులో మాస్టారు బాంబు పేల్చారు.

"ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన ఎప్పట్లాగే సమాధుల తోటలో. అక్కడ కరెంటు లేదు. కీబోర్డు ఉండదు, ఉత్త గొంతులే." జాయిస్ వైపు తిరిగారు. "అందుకని అమ్మాయ్, ఈసారికి సొప్రానోలో పాడేయ్."

జాయిస్ తల వంచుకుంది. ఆంటీ సమాధి ఉన్న తోటలోనే ఆంటీ గొంతు లేకుండా పాడాలన్నమాట. తను జారిపోతున్న మాట అబద్ధం కాదు.

"మాస్టారూ, నాకు ఆల్టో వచ్చండి."

హాలంతా కీబోర్డు వైపు తిరిగింది.

"నీకా? మగపిల్లాడివి, ఆల్టో ఏంటయ్యా?"

"ఒక స్థాయి కిందికి దించి పాడతానండి. బాణీ అదే. కీబోర్డు లేనప్పుడు నేను ఖాళీయే కదా."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

వెస్లీ చెవులు ఎర్రబడ్డాయి. "ఎడిటింగులో విన్నానండి. కొంచెం ఎక్కువసార్లు."

"ఎన్నిసార్లేంటి?" అని స్టీవెన్ బేస్ గొంతుతో సాగదీశాడు. "నా ట్రాక్ కూడా నీ దగ్గరుందిగా తమ్ముడూ, అది పాడి వినిపించు, చూద్దాం."

అది అతనికి రాలేదు. సొప్రానో ఆడపిల్లలు పాటల పుస్తకాల వెనక మొహాలు దాచుకున్నారు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని, ఇద్దరినీ ఓసారి చూసి, "పాడండి మరి," అన్నారు.

* * *

ఈస్టర్ ఆదివారం సమాధులకి కొత్త సున్నం వాసన. కొవ్వొత్తుల వెలుగులో పేర్లు ఒక్కొక్కటీ కనపడుతూ పోతున్నాయి. జయమణి ఆంటీ పేరు ముందు బంతిపూలు పెట్టి వచ్చి, జాయిస్ వరసలో నిలబడింది. పక్కన వెస్లీ.

మాస్టారు చెయ్యెత్తారు. ఆసరాకి కీబోర్డు లేదు, చెవిలో తీగ లేదు, ఎవరూ వన్, టూ, త్రీ అనలేదు. అందరూ ఒకరినొకరు చూసుకుని ఊపిరి తీసుకున్నారు.

మొదటి చరణంలో జాయిస్ గొంతు వణికింది. సొప్రానో వైపు జారబోతుంటే, కిందినించి అతని గొంతు తన బాణీనే పాడుతూ వచ్చింది. లాగలేదు, తొయ్యలేదు. పక్కన నడుస్తున్నట్టు ఉంది, అంతే. దాని మీద అడుగేసి నిలబడింది. కాసేపటికి అతన్ని వినడం కూడా మానేసి తన గొంతు తను విన్నది. తూర్పున మామిడి తోటల మీద తెల్లగా వెలుగొస్తోంది. రెండో చరణంలో మూడో లైను ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో, దాటేశాక గానీ ఆమెకి గుర్తు రాలేదు.

గుర్తొచ్చాక ఏడుపు రాలేదు. ఆశ్చర్యం వేసింది.

పాటయ్యాక మాస్టారు చెయ్యి దించారు. ఆల్టో వరస ముందుకొచ్చి, పాటల పుస్తకం ఒకటి జాయిస్ చేతిలో పెట్టి, "వచ్చే నెల నుంచి ఇద్దరు కొత్త పిల్లలొస్తారు. నీ పక్కన నిలబెట్టుకుని నేర్పు," అని వెళ్ళిపోయారు.

తోట గేటు దగ్గర టీ, బన్నులు పంచుతున్నారు. వెస్లీ రెండు గ్లాసులు పట్టుకొచ్చాడు.

"వచ్చే వారం నుంచి నేను మా నందిగామ చర్చికి వెళ్ళిపోవాలండి. ఇక్కడ ఈస్టర్ వరకే అన్నారు."

జాయిస్‌కి టీ వేడిగా ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది. "మీ చర్చిలో ఆల్టో ఎవరు?"

"ఆల్టోనా? మా దగ్గర పాడేదే నలుగురం. నలుగురిదీ ఒకటే బాణీ."

"ఆరాధన ఎన్నింటికి?"

"పదింటికి. ఎందుకండీ?"

"ఇక్కడ మొదటి ఆరాధన ఎనిమిదిన్నరకి అయిపోతుంది. అందుకని."

అతనికి అర్థం కావడానికి రెండు గుటకలు పట్టింది. మూడో గుటక వెయ్యలేకపోయాడు.

"జాయిస్ గారూ, రెండేళ్ళు అందరి గొంతులూ విన్నా. పనయ్యాక వింటూ కూర్చున్నది ఒక్కటే. మీదే. వీడియోలన్నీ అయిపోతే ఇక వినడానికేం ఉండదని భయమేసేది. నాకు మీరంటే... మీతో రోజూ మాట్లాడాలనుందండి."

"నాదేనని గ్యారంటీ ఏంటి? ఫైళ్ళు మారిపోయాయేమో."

"మారలేదండి. మీ ట్రాక్‌లో ప్రతిసారీ వెనకాల ఒకాయన 'జాయిసూ, నా టికెట్ మిషన్ ఎక్కడమ్మా' అని అరుస్తూ ఉంటారు."

"అది నేనే," అంది వెనకనుంచి ఒక గొంతు.

వెస్లీ చేతిలో గ్లాసు సగం తొణికింది. ఖాకీ చొక్కాలో జాయిస్ నాన్న జయరాజ్ నిలబడి ఉన్నాడు. నందిగామ బస్సు కండక్టరు. రోజంతా బస్సులో అరిచి వచ్చి, టికెట్ మిషన్ వెతుక్కోవడానికి తప్ప ఇంట్లో నోరు విప్పని మనిషి. తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని, టీవీ చూస్తూ భోంచేసి లేచే ఇల్లు అది.

ఆయన ఇద్దరి మొహాలూ చూశాడు. కూతురు తల దించలేదు.

"ఎనిమిదీ ముప్పావుకి నా బండే ఉంటుంది," అన్నాడు ఆమెతో. "మధ్యాహ్నం ట్రిప్పుకి ఈ అబ్బాయిని కూడా ఎక్కించుకొచ్చేయ్. ఆదివారం కూర ఇద్దరికీ మిగిలిపోతోంది."

అంతే. బన్ను ఒకటి తీసుకుని, ఎవరో పిలిచినట్టు గబగబా గేటు బయటికి నడిచాడు. ఎవరూ పిలవలేదు.

వెస్లీ ఇంకా నిటారుగా, బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాడిలా నిలబడే ఉన్నాడు. జాయిస్ అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టింది.

"కారం ఎంత తింటారండీ?" అని అడిగింది.