దుబాసీ అక్కర్లేని మాట

పొద్దున్నే పేపరు ముందేసుకుని ఎర్ర కలంతో తప్పులు దిద్దడం మాస్టారికి ఉద్యోగంలో చేరిన నాటి అలవాటు. ఆయన దిద్దాక పేపరు భార్య చేతికి వెళ్ళేది. "వార్తలకన్నా మీ ఎర్ర సిరాయే ఎక్కువుంది, ఇందులో ఏం చదవను?" అని ఆవిడ రోజూ అనేది, రోజూ చదివేది. ఆవిడ పోయాక మాస్టారు పేపరు తెరుస్తున్నారు, చూస్తున్నారు, మడిచి పెడుతున్నారు. తప్పులు తప్పులుగానే ఉండిపోతున్నాయి.

ఆ రోజు మాత్రం కలం మూత తీశారు. రెండు వాక్యాలు దిద్దేసరికి కాగితం చిరిగింది. గది ఊడుస్తున్న కూతురికి ఆ చప్పుడుతోనే తండ్రి కోపం ఎంతో తెలిసింది.

కోపానికి కారణం ఆ పూట రాబోతున్న చుట్టాలు. కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఏటి అవతలి ఊరి నుంచి అద్దాలు సానపట్టి తెచ్చే కుర్రాణ్ణి ఇష్టపడింది. కుర్రాడి మీద మాస్టారికి ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా అతని మాట మీదే. ఇవతలివాళ్ళు చివర సాగదీసే మాటను అవతలివాళ్ళు పుటుక్కున తెంపేస్తారు. చెవికి వినబడే తేడా అంతే. కానీ రెండు ఒడ్లకూ వేరే బళ్ళు, వేరే పుస్తకాలు, వేరే ఆఫీసులు. మనది భాష, వాళ్ళది అందులోంచి విరిగిపడిన మాండలికం అని మాస్టారు సర్వీసంతా పాఠం చెప్పారు. అవతలి బడిలో ఇదే పాఠాన్ని తిరగేసి చెబుతారని ఆయనకు తెలుసు.

"అబ్బాయి తల్లి వస్తానంటే రానీ. మాటలు మాత్రం పద్ధతిగా జరగాలి. బాబాయిని రమ్మను," అన్నారు.

బాబాయి అంటే మాస్టారి తమ్ముడు, వంతెన దగ్గరి ఆఫీసులో దుబాసీ. ఒక ఒడ్డు అధికారి అన్నదాన్ని రెండో ఒడ్డు అధికారికి తిరిగి చెప్పడం అతని ఉద్యోగం. రెండు ఊళ్ళ పెద్దలు ఎక్కడ కూర్చున్నా మధ్యలో దుబాసీ ఉండటం మర్యాద. ఎదుటివాళ్ళ మాట అర్థమైందని ఒప్పుకుంటే తమ భాష చిన్నబోతుందని ఇద్దరికీ బెంగ.

"అమ్మ వారం వారం ఆ ఊరు వెళ్ళొచ్చేది కదా నాన్నా. ఎప్పుడైనా బాబాయిని వెంటబెట్టుకెళ్ళిందా?"

"మీ అమ్మకు పిట్టల మాట కూడా అర్థమయ్యేది. అందరికీ ఆ విద్య రాదు."

కూతురు చీపురు మూలన పెట్టింది. "మీరు వద్దంటే చేసుకోను. కానీ రెండోసారి అడగను," అని నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

అరిచి ఉంటే బాగుండేదనిపించింది మాస్టారికి. ఇల్లు ఇప్పటికే సగం మూగబోయింది. కూతురు కూడా వంతెన దాటితే, రేపు పుట్టే మనవలు వాళ్ళ మాటే పలుకుతారు. ఈ ఇంటి మాట తనతో ఆగిపోతుంది. ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలో, ఆ మనిషే లేదు.

తమ్ముడు ముందుగానే వచ్చాడు. ఆఫీసులో అయితే జీతమిస్తారు, ఇక్కడ టీ అయినా వేడిగా ఇప్పించమన్నాడు. అసలు భాషకూ మాండలికానికీ తేడా ఏమిటి బాబాయ్ అని కూతురు అడిగితే, "మధ్యలో ఏరు, ఏటి మీద వంతెన, వంతెన మీద నా ఉద్యోగం. అంతే తల్లీ," అన్నాడు. మాస్టారు నవ్వలేదు.

అబ్బాయి, తల్లి వచ్చి కూర్చున్నారు. ఆవిడ అవతలి ఊళ్ళో ఊలు దుకాణం నడుపుతుంది. పట్టుదలలో మాస్టారికి ఏమాత్రం తీసిపోదు. మాస్టారు కుశలం అడిగారు. అర్థమైనా ఆవిడ చూపు దుబాసీ వైపు తిప్పింది. తమ్ముడు అదే ప్రశ్నను చివర తెంపి అడిగాడు. ఆవిడ బాగున్నానంది. తమ్ముడు దాన్ని సాగదీసి అన్నగారికి అందించాడు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది వ్యవహారం. టీలు చల్లారిపోయాయి. అబ్బాయి కప్పులో చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

మాస్టారు అసలు విషయానికి వచ్చారు. రేపు పిల్లలు పుడితే ఏ భాష మాట్లాడతారో కనుక్కోమన్నారు. వాళ్ళకు మాటలు వచ్చాక వాళ్ళనే అడుగుదామంది ఆవిడ. ఆ జవాబు మాస్టారికి వెటకారంలా తోచింది.

"నేను బడిలో చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. వాళ్ళది భాష కాదు. మన భాషను సరిగా పలకలేనివాళ్ళ పలుకు."

తమ్ముడు అన్నగారి వైపు తిరిగాడు. "ఇది కూడా చెప్పమంటావా అన్నయ్యా?"

చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడ మొహం అప్పటికే కందింది. సంచీ సర్దుకుని లేచి నిలబడింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇంతసేపూ నడిచిన నాటకం అక్కడితో తెగింది. గుమ్మంలో నిలబడ్డ కూతురు ఆవిడకు దారి ఇస్తూ పక్కకు జరిగింది.

వెళ్ళబోతూ ఆవిడ ఆగింది. కిటికీ పక్క కుర్చీ వీపు మీద సగం అల్లిన శాలువా ఉంది. సూదులు ఇంకా దానికే ఉన్నాయి. భార్య వదిలేసిన చోటి నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. ఆవిడ దాని అంచు వేళ్ళ మధ్య పెట్టి చూసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆవిడ దుబాసీ వైపు చూడలేదు.

"ఇది నా దుకాణంలో ఊలే. ఇది కొన్నావిడ మీ ఇంటి ఆవిడని నాకు తెలీదు. రంగు నచ్చక రెండుసార్లు మార్చుకున్నారు. 'మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఊరందరి తప్పులూ దిద్దుతారు, చలిగాలికి కుడి భుజం పట్టేస్తుంది, కిటికీ మాత్రం మూయనివ్వరు' అనేవారు. ఆ భుజం వైపు రెండు పేటలు కలిపి అల్లమని నేనే చెప్పాను."

"మూస్తే అక్షరం కనబడదనేవాణ్ణి," అన్నారు మాస్టారు.

తమ్ముడు తెరిచిన నోరు మూసుకున్నాడు. తాను దుబాసీ కోసం ఆగకుండా జవాబిచ్చానని మాస్టారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిసినా ఆగలేకపోయారు.

"ఇంకా ఏమంది?"

ఆవిడ సంచీ కింద పెట్టి కూర్చుంది. చాలా చెప్పింది. అల్లుతూ అల్లుతూ మాస్టారి భార్యకు దుకాణంలోనే కునుకు పట్టేదని, లేచి "మా ఆయనకు చెప్పకండి" అని నవ్వేదని చెప్పింది. మాస్టారు ఒక్కో మాటా తాగుతున్నట్టు విన్నారు. ఆవిడ తెంపేసిన చోటల్లా భార్య గొంతు సాగి వినిపించింది.

"మీరిద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవారు?" అని చివరికి అడిగారు.

"ఆవిడ మీ మాట, నేను మా మాట. అన్నయ్యగారూ, అది ఏ భాషో నేనెప్పుడూ చూసుకోలేదు. వదినగారు రాని వారం మాత్రం నాకు మాట తోచేది కాదు."

మాస్టారు లేచి వెళ్ళి శాలువాను సూదులతో సహా తీశారు. ఇన్నాళ్ళకు మొదటిసారి దాన్ని ముట్టుకున్నారు. కుట్లు జారకుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు.

"మిగిలింది ఎలా అల్లాలో మా అమ్మాయికి నేర్పుతారా? ఎలాగూ మీ దగ్గరే ఉంటుంది కదా."

కూతురు గుమ్మాన్ని పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. ఉదయం నుంచి బిగపట్టిన ఏడుపంతా అప్పుడొచ్చింది. అబ్బాయి లేచి ఆమె వైపు వెళ్ళబోయి, పెద్దవాళ్ళను చూసి మొహమాటంగా ఆగిపోయాడు.

"ఇది ఆవిడకు నేను చెప్పాలా అన్నయ్యా?" అని తమ్ముడు అడిగాడు.

"నువ్వు టీ తాగు," అన్నారు మాస్టారు. ఆవిడ అప్పటికే చేతులు చాపింది.