చెమట పట్టని గొట్టం

చీఫ్ ఇంజనీరు చల్లటి గొట్టం మీద ఆనించిన మంచినీళ్ళ సీసా అందుకున్నాడు. మూత తిప్పేలోపే తూటా గుండెల్లో దిగింది. సీసా నేల మీద దొర్లింది. గొట్టానికి పట్టిన చెమట మాత్రం ఎప్పటిలాగే బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది.

హెడ్‌క్వార్టర్స్‌లో ఆ ఫోటో చూస్తూ ఏజెంట్ తాబేలు పళ్ళు నూరాడు. పేరుకే తాబేలు, రంగంలోకి దిగితే మెరుపు. పోయినవాడు అతని సొంత అన్న.

"చంపించింది దొర," అన్నాడు బాస్. "ఈ తీరమంతటికీ జనరేటర్ల డీజిల్ అమ్మే విదేశీ ముఠా వాడిది. మీ అన్నయ్య ప్లాంట్ సంగతి నీకు తెలుసుగా? సముద్రం పైనీళ్ళ వేడితో అమ్మోనియా మరిగి, ఆ ఆవిరికి టర్బైన్ తిరుగుతుంది. అడుగు నుంచి తోడిన చన్నీళ్ళు ఆవిరిని మళ్ళీ ద్రవం చేస్తాయి. కరెంటు ఊరికే పుడుతుంటే డీజిల్ ఎవడు కొంటాడు? రేపు ప్రారంభోత్సవంలో స్విచ్ నొక్కగానే పేల్చేస్తారట."

"దొరని నాకు వదిలెయ్యండి సర్."

"ప్రాణాలతో కావాలి. ఇది ఆర్డర్."

"వాడి పీక పిసికేదాకా నాకు నిద్ర పట్టదు సర్!"

"మాత్ర వేసుకో. దొర సెక్రటరీ ముత్యం మన మనిషే. అక్కడ కలుస్తుంది."

మర్నాడు పెయింటర్ వేషంలో, రంగు డబ్బాతో తాబేలు ప్లాంట్‌లోకి అడుగుపెట్టాడు. పట్టుగౌనులో మెరిసిపోతున్న ఒకామె పక్కకొచ్చి నిలబడింది.

"పైన వేడి," అందామె.

"అడుగున చలి," అన్నాడతను. కోడ్ కుదిరింది.

"బాంబు పంపుల గదిలో ఉంది. త్వరగా వెళ్ళు," అని ముత్యం తియ్యగా నవ్వింది.

పంపుల గదికి టర్బైన్ హాల్లోంచే దారి. హాలంతా ఉక్కపోత. ఆఫీసువాళ్ళు ఎంతో ముచ్చటపడి ఇచ్చిన, చలీ వేడీ పసిగట్టే థర్మల్ కళ్ళజోడుకి ఆవిరి పట్టేసి ఏమీ కనబడి చావలేదు. విసుక్కుంటూ తీసి జేబులో పడేశాడు. హాలు పొడవునా చన్నీళ్ళ గొట్టం. దాని మీద పనివాళ్ళు వరసగా ఆనించుకున్న మంచినీళ్ళ సీసాలు. ఇక్కడ అందరికీ ఫ్రిజ్ అదే. ఒక్కచోట మాత్రం ఒక్క సీసా కూడా లేదు.

అన్న ఫోన్లో నవ్విన నవ్వు చెవిలో మోగింది. "ఒరేయ్ తమ్ముడూ, మా గొట్టానికి చెమట పట్టకపోతే మాకు పడుతుందిరా!"

తాబేలు అక్కడ చెయ్యి వేసి చూశాడు. పొడిగా ఉంది! పేలుడు సామాను తడవకూడదని గొట్టం చుట్టూ దట్టంగా స్పాంజి చుట్టి, పైన రేకు తొడిగి, అదే రంగు వేశారు. అబ్బ, ఎంత నాజూకు పని! చల్లదనం పైకి తెలియకపోతే సీసా ఎవడు పెడతాడన్న ఆలోచన మాత్రం ఆ పెద్దబుర్రలకు తట్టలేదు.

రేకు ఊడదీశాడు. బాంబు. దాని వైరు నేరుగా ప్రారంభోత్సవం స్విచ్ దాకా పోతోంది.

"చెప్పిన చోటికి వెళ్ళుంటే బతికిపోయేవాడివి." వెనక ముత్యం. చేతిలో పిస్టల్.

"మా అన్నయ్య ఎక్కడ నిలబడి నీళ్ళు తాగుతాడో దొరకి చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"మరి మా దగ్గర పుచ్చుకున్న జీతం?"

"దొర కూడా ఇస్తున్నాడుగా!"

బయట మైకులో జనం లెక్కపెడుతున్నారు. పది... తొమ్మిది... తాబేలు కళ్ళు నిప్పులు కురిశాయి. రంగు డబ్బా కింద పెడుతున్నట్టు వంగి, పక్కనున్న డ్రెయిన్ వాల్వ్ ఒక్కసారిగా తిప్పాడు. సముద్రగర్భపు చన్నీళ్ళు ఫెడీమని ముత్యం మొహాన కొట్టాయి. ఆమె కెవ్వున కేకేసి వెల్లకిలా పడింది. పిస్టల్ ఎటో ఎగిరిపోయింది. మూడు... రెండు... జేబులోంచి లాగిన కటింగ్ ప్లేయర్ వైరు మీద బిగిసింది.

ఒకటి!

టక్. వైరు తెగింది. అదే క్షణంలో టర్బైన్ గుర్రుమని తిరిగింది. అతిథులు చప్పట్లు కొట్టారు.

చీకటి పడుతుండగా దొర రేవులో పడవ ఎక్కబోతూ దొరికాడు. తాబేలు వాడి పీక పట్టుకున్నాడు. ఒక్క నొక్కు చాలు. వాడి మొహం నీలంగా మారింది. అంతలో రేవు దీపాలన్నీ భగ్గున వెలిగాయి. అన్నయ్య కరెంటు! తాబేలుకి ఏడుపు తన్నుకొచ్చింది. చేతులు సడలించాడు.

"నిన్ను చంపితే హాయిగా పోతావురా. అంత సుఖం నీకు దక్కనివ్వను," అన్నాడు.

వారం తర్వాత బాస్ ఫోన్ చేశాడు. "దొర ప్రాణం తీస్తున్నాడయ్యా. సెల్లో లైటు కళ్ళలో పడి కునుకు పట్టడం లేదట. కాసేపైనా ఆపమంటున్నాడు."

"ఆ లైటుకి కరెంటు ఎక్కడిది సర్?"

"మీ అన్నయ్య ప్లాంట్‌దే."

"అయితే కుదరదని చెప్పండి. ఎండ కరెంటు అయితే రాత్రికైనా ఆగేది. సముద్రం వేడి రాత్రికి చల్లారదు."

తాబేలు ఫోన్ పెట్టేసి, తన గదిలో లైటు ఆర్పి, మాత్ర వేసుకోకుండానే హాయిగా నిద్రపోయాడు.