ఎదురింటి పాలు

శనివారం పొద్దున్నే పొయ్యి మీద పాలు విరిగిపోయాయి. కాఫీ పడందే కృష్ణకుమారికి తెల్లారినట్టుండదు. అమెరికాలో, ఆ నోవై ఊళ్ళో పాల కోసం కారు తీయాల్సిందే. అందుకే గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. ఆ ఇంటి అబ్బాయి డెక్లాన్‌నే పెళ్ళి చేసుకుంటానని కూతురు అంకిత పట్టుబట్టింది. మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు మాట్లాడుకోవడానికి వస్తున్నారు. ఔననాలో కాదనాలో తేలక వారం రోజులుగా ఆ తల్లికి కాలు ఒకచోట నిలవడం లేదు.

వెళ్ళినంతసేపు పట్టలేదు, ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

"వాళ్ళ నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇవ్వనంది! వెనక తెరిచున్న ఫ్రిజ్‌లో నిండు క్యాన్ ఉంది, నా కళ్ళతో చూశాను. గిన్నెడు పాలివ్వని ఇంటికి పిల్లనెలా ఇస్తానే?"

"అమ్మా, ఇవాళ మే ఫస్ట్! బ్రైడీ గ్రాండ్‌మా ఎవ్వరికీ ఇవ్వదు."

"ఏం, ఇవాళ పాలకి ఏకాదశా?"

"ఐర్లాండ్‌లో వాళ్ళ ఊళ్ళో ఇవాళ పాలు ఇల్లు దాటితే ఇయరంతా లక్ పోతుందంట. టియర్నీ అనే ఇంటివాళ్ళు ఒకసారి ఇచ్చారంట. ఆ ఏడు ఎంత చిలికినా వెన్న రాలేదంట. ఇప్పటికీ ఆ ఊళ్ళో వాళ్ళని వెన్నపడని టియర్నీలు అంటారంట."

"చోద్యం కాకపోతే! ఈ కాలంలో అవేం పట్టింపులు?"

పేపర్ చూస్తున్న భర్త శేషగిరి తలెత్తాడు. "నిన్న సాయంత్రం ఆ అబ్బాయి ఉప్పు కోసం వస్తే ఏమన్నావు?"

కృష్ణకుమారి చేతిలోని ఖాళీ గిన్నె వంక చూసుకుంది. దీపం పెట్టాక, అందులోనూ శుక్రవారం, ఉప్పెవరిస్తారు? రేపు రమ్మని పంపేసింది. కారణం చెప్పాలని కూడా తోచలేదు.

"డెక్లాన్ ఫీల్ అవలేదమ్మా," అంది అంకిత. "నేనే ఎందుకో చెప్పాను. గ్రాండ్‌మా ఏమందో తెలుసా? పద్ధతి తెలిసిన ఇల్లు, ఆ పిల్లని వదులుకోకు అంది."

కృష్ణకుమారికి సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె సింకులో పెట్టేసి, వట్టి చేతులతో మళ్ళీ రోడ్డు దాటింది.

"ఇక్కడే కూర్చుని తాగితే ఫరవాలేదా?" అని తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

బ్రైడీ ముఖం విప్పారింది. "ఎంతైనా తాగమ్మా. గుమ్మం దాటకూడదు, అంతే."

కాఫీ కాదు, టీ ఇచ్చింది, సగానికి పైగా పాలే పోసి. టీ అంటే గిట్టని కృష్ణకుమారి చివరి చుక్కదాకా తాగింది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"దీపాలు పెట్టకముందే వచ్చి ఉప్పు తీసుకెళ్ళమనండి," అంది, "మా అల్లుణ్ణి."